ఎరిక్ దొర మోటారుసైకిలుకి మా ఆయన వేసిన రంగు

కాపురానికి వచ్చిన కొత్తలో మా ఇంట్లో కూర్చోడానికి ఒక్క కుర్చీ కూడా లేదు. ట్రాఫిక్ కాలనీలో ఎరిక్ దొర సామాన్లు అమ్ముకుంటున్నాడని తెలిసి, ఒక పేము కుర్చీ కొనుక్కురమ్మని మా ఆయన్ని పంపాను. పొద్దున వెళ్ళిన మనిషి భోజనాల వేళకి చెమటలు కక్కుకుంటూ మోటారుసైకిలు తోసుకొచ్చారు. కుర్చీ ఏదండీ అంటే, "దీని మీద కూడా కూసోవచ్చు కదేటి" అన్నారు. పెళ్ళై అప్పటికి నెల కూడా కాలేదు గనక నోరు మూసుకున్నాను. ఆ తర్వాత మూసుకున్నది లేదు.

ఎరిక్ ఆంగ్లో ఇండియన్, మెయిలు బండి డ్రైవరు. ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ పియానో మొదలుకొని కోళ్ళగూడు దాకా అన్నీ అమ్మేశాడు. ఆ మోటారుసైకిలు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. బ్రిటన్‌లో తయారైన బి.ఎస్.ఎ. బండి అది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వాళ్ళ నాన్న కొన్నాడట. అప్పటికే అది నడవదు. మా ఆయన దాని టాంకు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయి ఉంటారు, నేను చూడకపోయినా చెప్పగలను. ఎరిక్ దొర ఆ వాలకం చూసి, కుర్చీ కోసం తెచ్చిన డబ్బు తీసుకుని, తోసుకుపొమ్మన్నాడు. పోతూ పోతూ ఒక పీడ వదిలిందనుకుని ఉంటాడు.

మా ఆయన పేరు నూకరాజు. మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో కలాసీగా చేరితే, ఈయన అదే కార్ఖానా పెయింటు షాపులో చేరి, బోగీలకు రంగులు వేస్తూ వేస్తూ రిటైరయ్యారు. నా పేరు రాధారాణి. తెలుగు బడిలో చిన్న క్లాసులకు పాఠాలు చెప్పాను. అరవడం ఉద్యోగంలో అలవాటైంది, ఇంట్లో పనికొచ్చింది.

ఎందుకు పనికొచ్చిందంటే, ఈ మనిషి చేతికి బ్రష్షు దొరికితే ఆగేవారు కాదు. మా నీళ్ళ డ్రమ్ముకి మెరూన్ రంగు, గేటుకి మెరూన్ రంగు, పీటలకి, ఇనప్పెట్టెకి, చివరికి తులసికోటకి కూడా మెరూన్ రంగే. కార్ఖానాలో బోగీలు నీలం రంగుకి మారిన ఏడాది మా ఇల్లు కూడా నీలం రంగుకి మారింది. పక్కింటి దీదీ ఒకసారి గ్యాసు సిలిండరు వాకిట్లో పెట్టి బజారుకి వెళ్ళొచ్చేసరికి దాని నడుం చుట్టూ క్రీము రంగు గీత పడి ఉంది. ఆవిడ లబోదిబోమంటే, "బోసిగా ఉన్నాది దీదీ, అందుకే" అన్నారు. ఆ గీతతోనే సిలిండరు గోదాముకి వెళ్ళిపోయింది.

అలాంటి మనిషి ఇన్నేళ్ళలో మోటారుసైకిలుకి మాత్రం బ్రష్షు ఆనించలేదు. కారణం ఒకటే, కార్ఖానా పద్ధతి. బోగీ లోపలికి వస్తే ముందు ఫిట్టర్లు, వెల్డర్లు, వడ్రంగులు. చక్రం తిరగాలి, బ్రేకు పట్టాలి. అంతా ఫిట్ అన్నాకే అది పెయింటు షాపుకి వస్తుంది. "నడవని బండికి రంగెయ్యకూడదే. జొరమొచ్చినోడికి పెళ్ళికొడుకు బట్టలేసినట్టు ఉంటాది" అనేవారు. కాబట్టి ప్రతి ఆదివారం కిరసనాయిలు గుడ్డతో తుడవడం, విశ్వకర్మ పూజకి బంతిపూల దండ వెయ్యడం, అంతే. దాని నల్లరంగు అక్కడక్కడా రేగిపోయి, టాంకు మీద బంగారు గీతలు వెలిసిపోయి, వరండా మూల అలాగే ఉండేది.

దాన్ని నడిపించే పూచీ తిమోతిది. మా ఆయనతో పాటు అప్రెంటిసుగా చేరిన ఫిట్టరు, నన్ను వదినా అంటాడు. తిమోతి అంటే నాకు ఇష్టమే. ఇంజను విప్పి ముక్కలన్నీ నా వంటింటి కంచాల్లో పెడతాడు చూడండి, అది ఇష్టం లేదు. ఎన్నిసార్లు విప్పినా ఒకటే మాట: "మేగ్నెట్టో వదినా, మేగ్నెట్టో." నిప్పురవ్వ పుట్టించే సామానట అది. దాన్ని కలకత్తా పంపి బాగు చేయించేవాళ్ళు. బిగించి కిక్కు కొడితే ఒక దగ్గు దగ్గి ఊరుకునేది. ఇద్దరూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవారు. నేను టీ ఇచ్చేదాన్ని. ఇలా మా జుట్లు నెరిశాయి.

ఈ ఏడు మాకు ఒక చిక్కొచ్చి పడింది. ఓల్డ్ సెటిల్‌మెంట్ పక్కన మేముంటున్న అద్దె ఇంటిని ఇంటాయన అమ్మేశాడు, ఖాళీ చెయ్యమన్నాడు. మా అమ్మాయి మీనాకుమారి, ఈ ఊరి స్టేషన్లోనే బుకింగులో పనిచేస్తుంది, ఝపటాపూర్‌లో రెండో అంతస్తులో రెండు గదుల వాటా చూసింది. మంచాలు ఎక్కుతాయి, బీరువా ఎక్కుతుంది, మోటారుసైకిలు ఎలా ఎక్కుతుంది? అది పోవాలన్నాను. ఖరాకండిగా అన్నాను. కొనేవాడు దొరికితే సరి, లేకపోతే ఇల్లు మారే రోజున పాత ఇనప సామాన్ల బండికి వేసెయ్యాలన్నాను.

ఆ రోజు నుంచి మా ఆయన కంచంలో అన్నం కెలకడం తప్ప తినడం లేదు. పొద్దస్తమానం ఆ బండి పక్కన పీట వేసుకుని కూర్చునేవారు. ఏమండీ అంటే, "మంచోడి సేతికి ఎల్తే సాలే. ముక్కలవకండా ఉంటే సాలు" అన్నారు. నేను చెప్పిన మాట వెనక్కి తీసుకోలేను, అంత పొగరు నాది. కానీ ఆ బండి గడప దాటితే ఈయన ఏమైపోతారో అని లోపల గుబులుగానే ఉంది.

మీనాకుమారి ఫోనులో బండి ఫోటోలు పెట్టింది, అమ్మబడును అని. కలకత్తా నుంచి పాల్‌చౌధురి బాబు అని ఒకాయన వెంటనే ఫోను చేశాడు. మాటలో మర్యాద ఉట్టిపడుతోంది. ఆదివారం వస్తానన్నాడు. చివర్లో ఒకటికి రెండుసార్లు చెప్పాడు, "కిచ్ఛు కొర్‌బెన్ నా, కాకా." ఏమీ చెయ్యకండి బాబాయ్, ఎలా ఉన్నది అలానే ఉండనివ్వండి అని.

మా ఆయన ఫోను పెట్టేసి, "పెద్దమనిసి. మనకి శ్రమెందుకని అలాగన్నాడు" అన్నారు. నేనూ అదే అనుకున్నాను, దాచేదేముంది? మన ఇంటికి వచ్చేవాళ్ళెవరు గానీ 'ఏమీ పెట్టుకోకండి వదినా, ఒట్టి మంచినీళ్ళు చాలు' అనే కదా అంటారు. అలా అన్నారని మంచినీళ్ళు ఇచ్చి పంపేస్తామా? ఎంత వద్దంటే అంత చెయ్యాలి. నేను మినప్పప్పు తెప్పించాను గారెలకి. ఆయనా తిమోతీ ఇంజను విప్పారు.

గురువారం మధ్యాహ్నం దాకా వాళ్ళు కిక్కు కొడుతూనే ఉన్నారు. నాకు ఒళ్ళు మండింది. వరండా నిండా నూనె గుడ్డలు, ఇసుక, బీడీ ముక్కలు. చీపురు పట్టుకుని వెళ్ళి, లేవండి లేవండి అని ఇద్దర్నీ అవతలికి తోలి, బండి వెనకా ముందూ ఊడ్చాను. వెనక పొగగొట్టం చివర మట్టి అంటుకుని కనిపించింది. చీపురు వెనక్కి తిప్పి ఒక్క పోటు పొడిచాను. లోపల్నుంచి బొళబొళమని ఎండిన మట్టి రాలింది. కుమ్మరి పురుగు గూళ్ళు. ఇంకోసారి పొడిస్తే ఇంకా వచ్చాయి. చేట నిండింది.

తిమోతి ఆ చేట వంక చూశాడు. మా ఆయన తిమోతి వంక చూశారు. ఇన్నేళ్ళు ఇంజను విప్పినవాళ్ళు పొగ బయటికి పోయే దారి ఉందా లేదా అని చూసుకోలేదు. నేను కలగజేసుకుని, "మేగ్నెట్టో కాబోలు" అన్నాను.

తిమోతి గబగబా గొట్టమంతా దులిపి, కిక్కు మీద కాలు పెట్టి, ఏసయ్యని తలుచుకుని ఒక్క తన్ను తన్నాడు. డబ్ మంది. ఇంకో తన్ను. డబ్ డబ్ డబ్ మంటూ అందుకుంది చూడండి, వరండా రేకులు అదిరాయి, పక్కింటి దీదీ పోపుగరిటతో బయటికొచ్చింది, వీధిలో కుక్కలన్నీ ఝపటాపూర్ దారి పట్టాయి. మా ఆయన నా రెండు చేతులూ పట్టుకుని గిరగిర తిప్పేశారు. డెబ్బై దాటిన మనిషి. వదలండి, జనం చూస్తున్నారంటే వినరే. తిమోతి ఏడుస్తున్నాడు. ఇంజను పొగకో, ఆనందానికో నాకు తెలీదు. నేను మాత్రం ఆనందంతోనే నవ్వాను, కడుపు నొప్పెట్టేదాకా నవ్వాను.

ఇంజను ఆపాక మా ఆయన నెమ్మదిగా అన్నారు, "ఫిట్టేనా ఒరే?"

తిమోతి ముక్కు తుడుచుకుని, "ఫిట్టే అన్నా" అన్నాడు.

ఇక చెప్పేదేముంది. పద్ధతి ప్రకారం ఫిట్ అయిన బండి పెయింటు షాపుకి వెళ్ళాలి. పెట్టె అడుగు నుంచి మంచి బ్రష్షులు బయటికొచ్చాయి. గరుకు కాగితంతో రుద్ది, పుట్టీ పెట్టి, ప్రైమరు వేసి, దాని మీద పాతకాలపు మెయిలు బోగీల మెరూన్ రంగు రెండు పూతలు వేశారు. టాంకు మీద క్రీము గీత గీస్తున్నప్పుడు ఊపిరి బిగపట్టి గీశారు. ఆ మూడు రోజులూ బాగా తిన్నారు, అన్నం రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నారు. మిగిలిన రంగు పారెయ్యడం ఎందుకని వరండా బల్లకి కూడా ఒక పూత వేశారు.

నిజం చెప్పొద్దూ, బండి ఎంత బాగుందో. బాబు దీన్ని చూసి మూర్ఛపోతాడనుకున్నాను.

ఆదివారం పాల్‌చౌధురి బాబు వచ్చాడు. తెల్లటి పంజాబీ లాల్చీ, చేతిలో మిఠాయి పెట్టె, ముఖాన చిరునవ్వు. గేటు దాటి వరండాలోకి చూశాడు. చిరునవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఎ కీ కొర్‌లెన్, కాకా" అన్నాడు. ఏం చేశారండీ ఇది అని.

"ఏటీ నేదు బాబూ, కొంచిం సేసినాం" అన్నారు మా ఆయన సిగ్గుపడుతూ. తర్వాత గుర్తొచ్చి బెంగాలీలో కూడా చెప్పారు.

బాబు బల్ల మీద కూలబడ్డాడు. నేను ఆగండి ఆగండి అనేలోపే కూర్చున్నాడు. ఆ బల్ల ఇంకా పూర్తిగా ఆరలేదు. అప్పుడు, పాపం, తన సంగతి మొత్తం చెప్పుకొచ్చాడు. ఇలాంటి బండ్లు లోకంలో చాలానే ఉన్నాయట, కానీ అన్నీ ఎవరో ఒకరు రంగులేసి పాడుచేసినవేనట. కొన్ననాటి రంగుతో, కొన్ననాటి గీతలతో, చెయ్యి పడకుండా ఉన్నది దొరకడం అదృష్టమట. ఆ రేగిపోయిన నలుపు కోసమే, ఆ వెలిసిన గీతల కోసమే వచ్చాడట.

మేం ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. తుప్పు కోసం కలకత్తా నుంచి మనిషి వస్తాడని మాకెలా తెలుస్తుంది? ఇంటికొచ్చే మనిషి వద్దంటే నిజంగా వద్దనే అని ఎక్కడైనా ఉంటుందా? నాకు నవ్వు ముంచుకొచ్చింది. పమిట నోట్లో కుక్కుకున్నాను. అతను గారె తీసుకోవడానికి లేస్తే, తెల్ల పంజాబీ వెనక మెరూన్ పట్టీ అడ్డంగా దిగి ఉంది, ఒక్క పూతకే అంత నాణ్యత. తిమోతి గోడ వైపు తిరిగి భుజాలు కదిలిస్తున్నాడు.

గారెలు తిన్నాక బాబు కొంచెం తేరుకున్నాడు. మంచివాడే, కోప్పడలేదు. బండి చుట్టూ తిరిగి, గోటితో ఒక మూల గీకి చూసి, "పర్వాలేదు కాకా, నేను తీసుకుంటాను" అన్నాడు. కలకత్తాలో తనకి తెలిసిన పనివాడున్నాడట. ఈ పై రంగంతా మెత్తగా గీకించేస్తే, అడుగున పాత రంగు ఎంతో కొంత బయటపడుతుందట.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇనప సామాన్ల బండి గొడవ తప్పింది, ముక్కలవదు, మంచి చేతికి వెళ్తోంది. మా ఆయన కోరింది అదే కదా. ఆయన కూడా తలూపి, "ఠీక్ హై" అన్నారు. అని, పక్కనున్న బ్రష్షు తీసుకుని తుడవడం మొదలుపెట్టారు. శుభ్రంగా ఉన్న బ్రష్షుని తుడుస్తూనే ఉన్నారు.

"ఏమైందండీ?" అన్నాను.

"ఏటీ నేదే. గీకుతారు కదా మరి. రంగంటే గీకడానికే." నాతో కాదు, బ్రష్షుతో చెబుతున్నట్టు అన్నారు, "నాను ఏసిన బోగీలన్నీ గీకేసినారు. మల్లీ సర్వీసుకి ఒచ్చినపుడల్లా పాత రంగు గీకి కొత్తది ఏసీవోళ్ళం కదా. నాను ఏసింది నానే గీకినాను. మెరూనెల్లి నీలమొచ్చినాది, ఇపుడు ఆ బోగీలే నేవు. ఇన్నేళ్ళు రంగులేసినాను, సూపిద్దామంటే దేసంలో ఒక్కటీ నేదే రాధా."

నవ్వంతా ఎక్కడికి పోయిందో. ఈ మనిషితో యాభై ఏళ్ళ దాకా కాపురం చేశాను. తులసికోటకి ఎందుకు రంగేస్తారు, సిలిండరుకి ఎందుకు గీత గీస్తారు అని అరిచానే గానీ, ఎందుకో అడగలేదు. ఆ వెంటనే కోపం తన్నుకొచ్చింది. కోపం నాకు చప్పున వస్తుంది, అది దేవుడిచ్చిన వరం.

"బాబూ, బండి అమ్మడం లేదు" అన్నాను.

"కాకీమా?" అన్నాడతను, అదేంటి పిన్నీ అన్నట్టు.

"ఇంకో రెండు గారెలు తినండి. మిఠాయి తెచ్చారు, సంతోషం. ఆ పంజాబీ విప్పి ఇవ్వండి, కిరసనాయిలు పెట్టి ఉతుకుతాను. బండి మాత్రం ఇవ్వం. దాని మీద గోరు పెట్టి గీకినవాడు ఎవడైనా సరే, ముందు నాతో మాట్లాడాలి."

మా ఆయన తలెత్తారు. "మరి రెండో అంతస్తో?"

"అది తర్వాత. ముందు స్టార్ట్ చెయ్యండి."

"ఎందుకే?"

"బండి అన్నాక ఎక్కి తిరగడానికి కాకపోతే ఎందుకండీ?"

తిమోతి కిక్కు కొట్టాడు. వెనక సామాన్ల చట్రం మీద దిండు వేసి, చీర కుచ్చిళ్ళు బిగించి, రెండు కాళ్ళూ చెరోవైపు వేసుకుని ఎక్కాను. అరవై తొమ్మిదేళ్ళ టీచరమ్మని, మా వీధిలో సగం మందికి అ ఆలు దిద్దించినదాన్ని. పక్కింటి దీదీ శంఖం ఊదింది. మా ఆయనకి పూర్వం స్కూటరు నడిపిన అనుభవముంది. కానీ ఆ బండిది మన బండ్ల లెక్క కాదు, బ్రేకు ఉండాల్సిన చోట గేరు, గేరు ఉండాల్సిన చోట బ్రేకు. ఆ సంగతి తిమోతి వెనక పరిగెడుతూ అరిచి చెబుతున్నాడు గానీ ఆ డబడబల్లో ఎవరికి వినబడుతుంది?

ఓల్డ్ సెటిల్‌మెంట్ సందుల్లో పడ్డాం. ఒక మేక ఎదురొచ్చింది. మా ఆయన ఆపుదామని కాలితో గట్టిగా తొక్కారు, బండి గేరు మారి ఇంకా జోరందుకుంది. మేకకి బుద్ధుంది, తప్పుకుంది. "ఆపండీ" అన్నాను. "ఆగట్నేదే" అన్నారు. పైడితల్లమ్మకి మొక్కాను, కాళీమాతకి మొక్కాను, పనిలో పనిగా తిమోతి దేవుడికీ ఒక కొవ్వొత్తి మొక్కాను. ట్రాఫిక్ గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడుకునేవాళ్ళు ఆట ఆపి రెండు పక్కలా విడిపోయారు. ఆ గ్రౌండు చుట్టూ ఎన్ని చుట్లు కొట్టామో తెలీదు. గోల్‌పోస్టు మధ్యలోంచి ఒకసారి దూసుకెళ్ళాం, జనం గోల్ అని అరిచారు. నా ముడి ఊడిపోయింది, చెప్పొకటి ఎగిరిపోయింది. ముందు కూర్చున్న మనిషి వీపు గజగజ వణుకుతోంది. ఏడుస్తున్నారేమోనని మెడ చాచి చూశాను. నవ్వుతున్నారు. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. అప్పుడు ఆపండీ అనడం మానేశాను.

చివరికి కొత్త కట్టడం దగ్గర ఇసక గుట్ట మీదికి ఎక్కి, దానంతటదే ఆగింది. దెబ్బలేం తగల్లేదు. పాల్‌చౌధురి బాబు మా ఆయన బనీను వేసుకుని పరిగెత్తుకొచ్చాడు, ఫోనులో మొత్తం వీడియో తీశాడట. నాకు చెయ్యి అందించి లేపి, దణ్ణం పెట్టి, "థాక్ కాకీమా, ఉండనివ్వండి, ఇది మీ ఇంట్లోనే ఉండాలి" అన్నాడు. సాయంత్రం రైలుకి వెళ్ళిపోయాడు, గారెలు మూట కట్టించుకుని.

మీనాకుమారికి ఫోను చేసి, ఆ రెండో అంతస్తు మాకొద్దు, కింద గది చూడు, చీకటిగా ఉన్నా సరే అన్నాను. మోకాళ్ళ నొప్పులా అమ్మా అని అడిగింది. అవునన్నాను. ఈ వయసులో పిల్లల చేత చీవాట్లు ఎవరు తింటారు?

నేను లోపలికి వెళ్ళి తలలో ఇసక దులుపుకుని వచ్చేసరికి మా ఆయన బండి వెనక చక్రం దగ్గర కూర్చుని, రేకు అచ్చు పెట్టి, తెల్లరంగుతో చిన్న అక్షరాలు దిద్దుతున్నారు. బోగీలకు మూలన దిద్దేవే. పైన కార్ఖానా పేరు, రంగు పూర్తయిన తేదీ ఉంటాయి. కింద ఇంకో తేదీ ఉంటుంది, బోగీ మళ్ళీ లోపలికి ఎప్పుడు రావాలో, ఎప్పుడు గీకించుకోవాలో చెప్పే తేదీ. పైన ఖరగ్‌పూర్ అని రాశారు, ఆ రోజు తేదీ వేశారు. అచ్చు తీసేసి బ్రష్షు కడుక్కోవడానికి లేచారు.

"కింద తేదీ వెయ్యలేదేం?" అన్నాను.

"దీనికి అదుండదే" అన్నారు.